నా గొంతు నాది కానట్టు వినిపిస్తోంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 31 ఏళ్లు. గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంట్లో మావారు, అత్తయ్యగారు, నాలుగేళ్ల పాప. పోయిన ఏడాది నుంచి డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఏడుపు తగ్గింది, నిద్ర కొంచెం పడుతోంది. కానీ కొన్ని నెలలుగా ఇంకోటి మొదలైంది. క్లాసులో పాఠం చెబుతుంటే నా గొంతు ఇంకెవరిదో అనిపిస్తుంది. చేతులు చూసుకుంటే నావి కావనిపిస్తుంది. వీధి, ఇల్లు, మనుషులు అన్నీ తెర అవతల ఉన్నట్టు ఉంటాయి. పాప వచ్చి మెడకు చుట్టుకున్నా ఏమీ అనిపించదు. నేను కన్నతల్లినేనా అని భయమేస్తుంది. రోజులో ఎన్నోసార్లు అద్దంలో చూసుకుంటున్నాను. నెట్‌లో చదివాక ఇది స్కిజోఫ్రెనియా ఏమోనని టెన్షన్ పట్టుకుంది. అత్తయ్యగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ధ్యానం క్లాసులో చెబితే "అది సాక్షీభావం, మంచి స్థితి" అన్నారు. మందుల వల్లే ఇలా అవుతోందేమోనని రెండు వారాలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. డాక్టరు గారి దగ్గర ఐదు నిమిషాలు కూడా ఉండనివ్వరు, ఇదంతా చెప్పలేకపోయాను. ఇలా బతకడం కంటే లేకపోవడమే నయం అని ఒక్కోసారి అనిపిస్తోంది. నాకు పిచ్చి పడుతోందా? మళ్లీ మామూలు మనిషిని అవుతానా?

సమాధానం:

మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మాట దగ్గర మొదలుపెడతాను. లేకపోవడమే నయం అనిపిస్తోందన్నారు. ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక ఎప్పుడు, ఎలా అన్నదాకా వెళ్తోందా? అంతదాకా వెళ్తుంటే మిగతా సమాధానం తర్వాత చదవండి. ముందు మీవారిని పిలిచి, "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నన్ను ఒక్కదాన్నే వదలకండి, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని ఇవే మాటల్లో చెప్పండి. చుట్టూ తిప్పి చెబితే ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. అర్ధరాత్రయినా సరే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. డబ్బు తీసుకోరు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం దగ్గరగా ఉందనిపిస్తే 108 లేదా 112.

ఆలోచన వచ్చి పోయేదే అయినా దాన్ని చిన్నదిగా తీసుకోకండి. అన్నీ నిజం కానట్టు అనిపిస్తున్న మనిషికి చావు కూడా నిజం కానట్టే అనిపించవచ్చు. అందుకే ఈ లక్షణం ఉన్నవాళ్లు ఆ మాట అంటే నేను మరింత గట్టిగా పట్టించుకుంటాను. మందుల స్ట్రిప్పులన్నీ మీవారి దగ్గర పెట్టించి, ఏ రోజు మాత్ర ఆ రోజు ఆయన చేతుల మీదుగా తీసుకోండి. తన మీద తనకు నమ్మకం సడలిన రోజుల్లో ఎవరైనా చేసుకోవాల్సిన ఏర్పాటే ఇది. ఇందులో మీకు అవమానమేమీ లేదు.

ఇక మీరు అడిగింది. మీకు పిచ్చి పట్టడం లేదు. ఉత్తరం చూసి జబ్బు తేల్చడం ఎవరూ చేయకూడదు, ఆ పని మీ డాక్టరుదే. కానీ మీరు వర్ణించినవాటిని మానసిక వైద్యంలో చాలాకాలంగా గుర్తించారు. తన గొంతు, చేతులు, ఆలోచనలు తనవి కానట్టు అనిపించడాన్ని డీపర్సనలైజేషన్ అంటారు. చుట్టూ ఉన్న లోకం తెర అవతల ఉన్నట్టు, కలలా అనిపించడం డీరియలైజేషన్. రెండూ డిసోసియేషన్, అంటే మనసు తన నుంచో లోకం నుంచో తెగిపోయినట్టు కావడం, అనే పెద్ద గుంపులోవి. లుడోవిక్ డ్యూగాస్ అనే ఫ్రెంచి పండితుడు 1898లోనే దీని గురించి రాశాడు. అంటే మీ నాయనమ్మల కాలానికి ముందు నుంచీ మనుషులు డాక్టర్ల దగ్గరకు వెళ్లి, దాదాపు మీ మాటల్లోనే, ఇదే చెప్పుకుంటున్నారు. పెద్దవాళ్లలో సుమారు సగంమందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటిది వచ్చి పోతుందని అంచనా. యాక్సిడెంటు తప్పించుకున్న క్షణాన, ఇంట్లో మరణం జరిగిన రోజున, రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయాక ఇలా అవుతుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, పోతుంది. వారాలూ నెలలూ ఉండిపోతే అప్పుడది జబ్బు లక్షణం. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

స్కిజోఫ్రెనియా భయం గురించి. ఆ జబ్బు తీవ్రంగా ఉన్న మనిషి తనకు అనిపించేదాన్ని నిజమని నమ్ముతాడు. ఎవరో తన ఆలోచనలు లాగేసుకుంటున్నారని, పక్కింటివాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారని వాదిస్తాడు. మీకు ఆ చేతులు మీవేనని తెలుసు. తెలిసి కూడా అలా అనిపిస్తున్నందుకే భయపడుతున్నారు. ఆ ఎరుక చెక్కుచెదరకుండా ఉండటమే డాక్టర్లు చూసే ముఖ్యమైన తేడా. అయితే ఎవరూ లేకుండా మాటలు వినపడటం, గంటలకు గంటలు ఏం చేశారో గుర్తులేకపోవడం, ఎలా వచ్చారో తెలియకుండా ఎక్కడో తేలడం లాంటివి ఉంటే మాత్రం సంగతి వేరు. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపించుకోండి.

ఎందుకిలా అవుతుంది? భయం, బాధ ఒక హద్దు దాటినప్పుడు మెదడు భావాల ధాటిని తగ్గించేస్తుంది. పెద్ద ప్రమాదంలో ఇది పనికొచ్చే గుణమే. కాలు విరిగినా మనిషి తాపీగా ఫోన్ తీసి మాట్లాడగలిగేది దీనివల్లే. డిప్రెషన్ నెలల తరబడి సాగినప్పుడు ఈ తగ్గింపు అవసరం తీరాక కూడా ఆగదు. లండన్‌లో ఈ లక్షణం మీద పనిచేసిన పరిశోధకులు 2000 ప్రాంతంలో అది ఉన్న కొందరికి గగుర్పాటు కలిగించే ఫొటోలు చూపించి, మెదడులో, చర్మంలో వచ్చే స్పందన కొలిచారు. మామూలుగా రావలసినంత స్పందన రాలేదు. భావాన్ని అదిమిపెట్టే మెదడు ముందుభాగం మాత్రం ఎక్కువ పని చేస్తోంది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, పాప కౌగిలించుకున్నప్పుడు ఏమీ అనిపించకపోవడానికి మీ మనసు రాయి కావడం కారణం కాదు. ప్రేమ ఉంది, దాని కబురు మీదాకా అందడం లేదు. అందడం లేదని ఇంత విలవిల్లాడుతున్నారంటేనే ఆ ప్రేమ ఎంత ఉందో నాకు తెలుస్తోంది.

చిన్నప్పుడు ఇంట్లో తిట్లు, కొట్లాటలు, భయం మధ్య పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. మీకు అలాంటివి ఉన్నాయా అని అడగడం లేదు. ఉంటే, కౌన్సెలింగ్‌లో నమ్మకం కుదిరాక చెప్పుకోవచ్చు. ఇప్పుడు కూడా ఇంట్లో ఎవరివల్లనైనా భయం ఉంటే మాత్రం దాన్ని దాచకండి. మనిషి భయంలో బతుకుతుంటే ఏ మందూ పూర్తిగా పని చేయదు. స్త్రీల కోసం 181 అనే నంబరు ఉంది.

మందుల సంగతిలో తొందరపడ్డారు. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒంట్లో మందు పాళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఈ మందులు ఉన్నట్టుండి తగ్గించినప్పుడు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, చిరాకుతో పాటు లోకం వింతగా కనిపించడం కూడా కొందరిలో ఉంటుంది. అంటే దేన్ని తగ్గించాలని మాత్ర మానారో అదే పెరగవచ్చు. మీరే మళ్లీ సర్దుబాటు చేసుకోకుండా ఇవాళే డాక్టరు గారి క్లినిక్‌కి ఫోన్ చేసి, "రెండు వారాలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, ఇప్పుడు ఏం చేయాలి" అని అడగండి. ఆయన తిడతారేమోనని దాచకండి. మీ అనుమానం పూర్తిగా తప్పని కూడా నేను అనను. డిప్రెషన్ మందుల్లో కొన్ని కొందరిలో మంచి భావాలనూ చెడ్డ భావాలనూ కలిపి మొద్దుబారుస్తాయి. అలా జరుగుతుంటే డాక్టరు మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. అది ఆయన చేస్తే వైద్యం. మీరు సొంతంగా చేస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఇద్దరికీ తెలియకుండా పోతుంది.

ఐదు నిమిషాల్లో ఇదంతా చెప్పలేకపోవడం మీ లోపం కాదు. బయట వంద మంది కూర్చుని ఉండగా, తలుపు సందులోంచి తర్వాతి పేషెంటు తొంగి చూస్తుండగా "నా చేతులు నావి కావనిపిస్తున్నాయి" అని ఎవరు చెప్పగలరు? అందుకని అర కాగితం మీద రాసుకెళ్లి ఆయన చేతికివ్వండి. ఎప్పుడు మొదలైంది, మందు మొదలుపెట్టక ముందా తర్వాతా, రోజులో ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, నిద్ర ఎంత, మాత్రలు ఎలా వేసుకున్నారు, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, స్పృహ తప్పారా, ఒక పక్క తలనొప్పి వస్తుందా, లేని వాసనలు వస్తున్నాయా అన్నవి కూడా. కొన్నిసార్లు మూర్ఛ జబ్బులో ఒక రకం, మైగ్రేన్ కూడా ఇలాంటి అనుభవాన్నే ఇస్తాయి. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు ఈ మధ్య చేయించుకోకపోతే అవసరమా అని అడగండి. వీటివల్ల డిప్రెషన్, నీరసం, తల దిమ్ముగా ఉండటం పెరుగుతాయి.

దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. కింద ఉన్న డిప్రెషన్‌ని, ఆందోళనని సరిగ్గా వైద్యం చేయడం, దాంతో పాటు మాటల ద్వారా చేసే చికిత్స, ముఖ్యంగా సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే పద్ధతి), ఈ రెండే ప్రధానమైన దారులు. దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు కావాలి. ఫీజులు భారమైతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి వెళ్లి అడగండి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416 వాళ్లు కూడా మీకు దగ్గర్లో ఎవరున్నారో చెబుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అద్దం.

మీరు అద్దంలో ఎందుకు చూసుకుంటున్నారు? ఈసారైనా నా ముఖం నాదిలా కనిపిస్తుందా అని. అలాగే చేతులు తిప్పి చూసుకుంటారు, మీ పేరు మీరే అనుకుంటారు, పాపను ఎత్తుకుని "ఇప్పుడు ఏమైనా అనిపిస్తోందా" అని లోపల వెతుక్కుంటారు. రాత్రి ఫోన్ తీసి అవే లక్షణాలు మళ్లీ చదువుతారు. ఇవన్నీ పరీక్షలు. పన్ను కదులుతుంటే నాలుక ఊరికే ఉండదు, వద్దన్నా అక్కడికే పోయి దాన్ని ఇంకా కదుపుతుంది, ఇదీ అంతే. ఏ జబ్బూ లేని మనిషి కూడా, అద్దంలో తన కళ్లలోకి కాసేపు కదలకుండా చూస్తే ముఖం వింతగా మారుతున్నట్టు అనిపించవచ్చు. ఏ పేరైనా ఆగకుండా పదేపదే అంటూ పోతే, కాసేపటికి అర్థం లేని శబ్దంలా వినిపిస్తుంది. అంటే ఈ పరీక్షలో పాస్ కావడం ఎవరికైనా కష్టమే. మీరు ఫెయిలైన ప్రతిసారీ భయం పెరుగుతుంది, భయం పెరిగితే మెదడు భావాలను ఇంకా అదిమేస్తుంది, అప్పుడు లోకం ఇంకా దూరం జరుగుతుంది, మీరు మళ్లీ అద్దం దగ్గరకు వెళ్తారు. ఆ మొదటి అనుభూతిని తెచ్చింది డిప్రెషనే అయినా, ఇన్ని నెలలు నిలబెడుతున్నదాంట్లో ఈ పరీక్షల వాటా పెద్దదని నా అభిప్రాయం.

కాబట్టి పరీక్షలు మానాలి. ఒక్కరోజులో మానలేరు. తల దువ్వుకోవడానికి, బొట్టు పెట్టుకోవడానికి అద్దం వాడండి, పని అవగానే పక్కకు వచ్చేయండి. లక్షణాల గురించి నెట్‌లో వెతకడం ఇవాళ్టితో ఆపండి, దానివల్ల మీకు ఇక కొత్తగా తెలిసేదేమీ లేదు. "ఇప్పుడెలా ఉంది" అని మనసు అడిగినప్పుడు, "ఎలా ఉన్నా సరే, ఇప్పుడు చేస్తున్న పని ఇది" అని పనికి తిరిగి వెళ్లండి. ఈ జవాబు మొదట్లో అబద్ధంలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఆ అనుభూతిని తరిమేయాలని పట్టుబట్టినా అది పరీక్ష కిందికే వస్తుంది. అదొక పక్కన ఉంటుంది, మీరు బీరకాయ తరుగుతుంటారు. కొన్నాళ్లు అలా నడవాలి.

అది బాగా ఎక్కువైనప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అవి జబ్బును తగ్గించవు, ఆ పది నిమిషాలు దాటిస్తాయి. కళ్లు తెరిచే ఉంచండి. చెప్పులు విప్పి పాదాలు నేలకు గట్టిగా ఆనించండి. చన్నీళ్లతో ముఖం, మోచేతుల దాకా కడుక్కోండి. నిమ్మకాయ, అల్లం, ఇంగువ, ఏదో ఒక ఘాటైన వాసన దగ్గర పెట్టుకోండి, ఉసిరికాయ నమలండి. కనిపించే వస్తువులు పైకి పేరు పెట్టి చెప్పండి, "కిటికీ, నీలం పరదా, స్టీలు గ్లాసు". ఊపిరి గబగబా పెద్దపెద్దగా పీల్చకండి, అలా చేస్తే తల తేలిపోయి లోకం ఇంకా వింతగా కనిపిస్తుంది. మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం మెల్లగా, పొడుగ్గా వదలండి. క్లాసులో అయితే చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక్కో అక్షరం ఒత్తి రాయండి, ఆ గరుకుదనం వేళ్లకు తెలుస్తుంది. లేదంటే ఒక పిల్లాడిని లేపి పాఠం గట్టిగా చదవమని, మీరు పుస్తకంలో వేలు పెట్టుకుని ఆ వాక్యాలను వెంబడించండి. మీ గొంతు వినే పని కాసేపు తప్పుతుంది. పిల్లలకు ఏమీ తెలియదు. మీరు తప్ప ఆ క్లాసులో ఎవరూ మీ గొంతులో తేడా వినడం లేదు.

స్కూటీ మీద వెళ్తుంటే మాత్రం జాగ్రత్త. దూరాలు, వేగాలు సరిగ్గా అంచనాకు రానట్టు ఉంటే ఆ రోజులకు ఆటోలో వెళ్లండి. నిద్ర ఎట్టి పరిస్థితుల్లో తగ్గించుకోకండి, నిద్ర తక్కువైన మర్నాడు ఇది దాదాపు ఖాయంగా పెరుగుతుంది. కాఫీ, టీలు సాయంత్రం తర్వాత వద్దు.

పాప దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ నొప్పి అక్కడే కనిపించింది. నాలుగేళ్ల పిల్లకు అమ్మ లోపల ఏమనిపిస్తోందో కనపడదు. అన్నం కలిపి పెట్టే చెయ్యి, తలకు నూనె రాసే చెయ్యి, రాత్రి కథ చెప్పే గొంతు, ఇవే దానికి అమ్మ. అవి మీకు మీవిగా అనిపించకపోయినా దానికి మీవే. అందుకని ప్రేమ పుట్టాక దగ్గరకు తీసుకుందాం అని ఆగకండి. తీసుకోండి. తీసుకున్నప్పుడు మీ లోపలికి చూసుకోకుండా దాని వైపు చూడండి. జుట్టు ఎటు చుట్టుకుందో, మోకాలి మీద దెబ్బ మానిందో లేదో, నోటి దగ్గర ఏం అంటుకుందో. జడ వేస్తుంటే మూడు పాయలు వేళ్ల మధ్య ఎలా జారుతున్నాయో చూడండి. స్నానం చేయిస్తూ కబుర్లు చెప్పించుకోండి. భావం తర్వాత వస్తుంది. మొదట ఒక క్షణం మెరిసి పోతుంది, మళ్లీ కొన్ని రోజులు కనపడదు. ఆ మెరుపును పట్టి ఉంచాలని ప్రయత్నించకండి.

ఎప్పుడైనా పాప "అమ్మా, నువ్వు నాతో మాట్లాడవేం" అంటే, "అమ్మకు ఒంట్లో బాగాలేదు, మందు వేసుకుంటున్నాను, నీ వల్ల కాదు" అని చెప్పండి. ఆ చివరి మాట ముఖ్యం. పిల్లలు అన్నిటికీ కారణం తామే అనుకుంటారు.

సాక్షీభావం అన్న మాట వినగానే నాకు చాలా బాధ కలిగింది. ఆ సాధనను నేను తక్కువ చేయను. కానీ ఏళ్ల సాధనతో వచ్చేదాంట్లో భయం ఉండదు, అది మనిషిని తన పిల్ల నుంచి దూరం చేయదు. మీది అడగకుండా వచ్చింది, పొమ్మన్నా పోవడం లేదు, భయపెడుతోంది. రెండిటినీ ఒకటిగా చెప్పినవారికి ఈ జబ్బు తెలియదు. కళ్లు మూసుకుని లోపలికి చూసుకునే ధ్యానం ఈ లక్షణం ఉన్న కొందరిలో దాన్ని పెంచుతుంది. ప్రస్తుతానికి ఆపేయండి, బాగయ్యాక డాక్టరుతో మాట్లాడి మళ్లీ చూడవచ్చు. దేవుడి దగ్గర కూర్చోవడం మానమనడం లేదు. దీపం పెట్టండి, పూలు కట్టండి, గట్టిగా పాడండి. చేతులూ గొంతూ కదిలేది ఏదైనా మీకిప్పుడు మంచిదే. పొద్దున్నే గోదావరి గట్టున, ఊళ్లోనైనా సరే, అరగంట నడిస్తే ఇంకా మంచిది.

అత్తయ్యగారి తాయెత్తు గురించి గొడవ పడకండి. ఆవిడ భయం ఆవిడది. చేతికి తాయెత్తు ఉండనివ్వండి, నోట్లో మాత్ర ఆగకూడదు. కానీ గాలిని వదిలించాలని ఉపవాసాలు ఉంచడం, నిద్ర లేకుండా కూర్చోబెట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, కొట్టడం దాకా ఎవరైనా తీసుకెళ్తే అక్కడ మీవారు గట్టిగా నిలబడాలి.

నిజానికి ఈ ఇంట్లో మీకు కావలసిన మనిషి ఆయనే, ఆయనకు మీరు ఇంకా పూర్తిగా చెప్పలేదని ఉత్తరం చదువుతుంటే అర్థమైంది. చెప్పడం కష్టం. "నువ్వు నిజం కాదనిపిస్తోంది" అంటే ఏ భర్తకైనా గుండె జారుతుంది. పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, ఇలా చెప్పి చూడండి: "ఏవండీ, నాకు ఒకటి అవుతోంది, దానికి పేరుంది, డిప్రెషన్‌తో పాటు వస్తుందట. కొన్నిసార్లు అంతా దూరంగా, కలలా అనిపిస్తుంది. మీ మీదా పాప మీదా ప్రేమ తగ్గి కాదు. అలా ఉన్నప్పుడు నాకు సలహాలు వద్దు. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, ఏదైనా మామూలు విషయం మాట్లాడండి. డాక్టరు దగ్గరకు ఈసారి మీరు కూడా లోపలికి రండి." నోటితో రాకపోతే ఈ సమాధానమే చూపించండి. ఆయన "ఇప్పుడెలా ఉంది, తగ్గిందా" అని గంటగంటకూ అడగకుండా ఉండటం కూడా సాయమే, ఆ మాట ముందే చెప్పి పెట్టండి. అడిగిన ప్రతిసారీ మీరు మళ్లీ లోపలికి చూసుకోవాల్సి వస్తుంది.

స్కూల్లో అందరికీ చెప్పాల్సిన పని లేదు. నమ్మకమున్న ఒక్క టీచరుకు "తల తిరిగినట్టవుతోంది, అవసరమైతే పది నిమిషాలు నా క్లాసు చూడండి" అంటే చాలు. ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఉంటే, డాక్టరు చెబితే తప్ప ఇప్పుడే వద్దు. రోజంతా ఇంట్లో ఉంటే అద్దం ఎక్కువసార్లు కనిపిస్తుంది.

మామూలు మనిషిని అవుతానా అని అడిగారు. డిప్రెషన్‌తో కలిసి వచ్చినప్పుడు, డిప్రెషన్ తగ్గేకొద్దీ ఇది కూడా తగ్గడం నేను చూస్తూ ఉంటాను. చాలామందిలో ముందు నిద్ర, ఆకలి, పని చేసే ఓపిక తిరిగి వస్తాయి, భావాలు వాటి తర్వాత నెమ్మదిగా వస్తాయి. మీకు ఏడుపు తగ్గింది, నిద్ర పడుతోంది. అంటే మీరు దారి మధ్యలో ఉన్నారు, అక్కడ మందు సగం మానారు. కొందరిలో ఇది ఎక్కువ కాలం ఉంటుంది, అది కూడా చెప్పాలి. అలాంటివాళ్లు కూడా ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు, దాని భయం పోయాక దాని బలం చాలా తగ్గుతుంది. మళ్లీ బాధగా అనిపించడం మొదలైతే కంగారు పడకండి. భావాలు తిరిగి వచ్చేటప్పుడు సంతోషం ఒక్కటే ముందు రాదు, కోపం, ఏడుపు కూడా వస్తాయి. ఇంట్లోవాళ్లు "మళ్లీ మొదటికొచ్చింది" అంటారు. వారం పది రోజుల పైన గట్టిగా ఉంటేనో, చావు ఆలోచనలు పెరిగితేనో డాక్టరుకు చెప్పండి, లేకపోతే రానివ్వండి.

క్లినిక్‌కి ఫోన్ చేయడం ఇవాళే. కాగితం రాయడం రేపు చేయవచ్చు. డాక్టరు గారు ఏమన్నారో, మందు మార్చారో లేదో నాకు రాయండి. పాప కబుర్లు కూడా రాయండి.